చనిపోయినవాడి పేరు మీద ఇంటి పన్ను

మనుషుల గురించి మంచిమాట చెప్పడం నాకు అలవాటు లేదు. ఈ వారం తప్పేట్టు లేదు. అయితే ముందు, కథ ఎక్కడ ఆగిందో రెండు ముక్కల్లో చెప్పేస్తాను.

మలయాలో ఈపో పట్నం నీళ్ళ ఆఫీసులో ముప్పై ఏళ్ళు గుంతలు తవ్వి, గొట్టాలు మోసి, చివర్లో ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసే పని చేశాను. ఆ డబ్బుతో తిరుపతిలో ఒక ఇల్లు కొన్నాను. బేరం ఉత్తరాల మీదే సాగింది. రిజిస్ట్రేషను కోసం పదిహేను రోజులు వచ్చి, అమ్మిన మునిరామయ్య దగ్గర దస్తావేజు, తాళంచెవి తీసుకుని మళ్ళీ ఓడెక్కాను. మూడేళ్ళ తర్వాత, ఇక ఇక్కడే ఉండిపోదామని వచ్చి చూస్తే మునిరామయ్య లేడు. చనిపోయి రెండేళ్ళు దాటింది. పన్ను పుస్తకంలో, కరెంటు మీటరు మీద, కుళాయి కార్డులో మాత్రం ఇంకా ఆయనే ఉన్నాడు. రిజిస్ట్రేషను అయితే ఇవన్నీ వాటంతటవే మారిపోతాయనుకున్న తెలివితక్కువవాణ్ణి నేను.

నా పేరుకు మార్చమని మునిసిపాలిటీలో అర్జీ పెట్టాను. అమ్మినవాళ్ళ తరఫు నుంచి ఎవరో అభ్యంతరం పెట్టారనీ, సోమవారం విచారణ అనీ గుమాస్తా చెప్పాడు. ఎవరో అంటే ఇంకెవరు? వెనక గదిలో ఉండే యశోదమ్మ, మునిరామయ్యకు స్వయానా అక్క. ఏడాది పైగా ఈ ఇంటి పన్ను ఆమే కడుతోందని ఎదురింటి దేవకమ్మ నా చెవిన వేసింది. పన్ను రసీదు ఎవరి పెట్టెలో ఉంటే ఇల్లు వాళ్ళదేనని ఈ ఊళ్ళో కాఫీ హోటల్లో కూర్చున్న ప్రతివాడూ లాయరులా చెబుతాడు. పోయిన వారం నేను ఆమె గది ముందు నిలబడి, శుక్రవారానికల్లా ఖాళీ చేయమని చెప్పేశాను. ఆమె చింతపండులో గింజలు తీస్తూ, తల ఎత్తకుండా, "సరే సామీ" అంది.

ఆ శుక్రవారం వచ్చింది.

పొద్దున ఎనిమిది గంటలకు అరుగు మీద కూర్చుని నా భార్య వరదమ్మకు ఉత్తరం మొదలుపెట్టాను. ఆమె ఈపోలోనే ఉంది. కుట్టుమిషను అమ్మేయనా, ఓడకు టిక్కెట్టు కొననా అని అడిగి పదిహేను రోజులయింది. ఇల్లు మనదేనో కాదో తేలకుండా ఆడమనిషిని సముద్రం దాటి రమ్మని ఎట్లా రాస్తాం? 'క్షేమం' అన్న మాట దగ్గరే పెన్ను ఆగిపోయింది.

అప్పుడే ఒక సైకిలు వచ్చి ఆగింది. దిగినవాడి భుజాన ఖాకీ సంచీ, చంకలో పొడుగాటి పుస్తకం. నన్ను ఒకసారి చూసి, చూడనట్టే పక్కసందులోకి మెడ చాచాడు.

"యశోదమ్మక్కా! ఉండావా?"

నాకు ఒళ్ళు మండింది. "ఏమప్పా, ఇంటి ఓనరు ఈడ కూర్చోనుంటే కనపడలేదా?"

"ఓనరా?" అన్నాడు, పుస్తకం విప్పి వేలితో వెతుకుతూ. "మా పుస్తకంలో ఓనరు మునిరామయ్య అని ఉండాది. నువ్వు మునిరామయ్యవా సామీ?"

"మునిరామయ్య పోయి రెండేళ్ళు దాటింది."

"తెలుసు. కర్మాంతరానికి పోయినా. వడలు బాగా చేసినారు."

"మరి చచ్చిపోయినోడి పేరు మీద పన్ను వసూలు చేస్తాండావే?"

"చచ్చినోళ్ళే నయం సామీ. బతికుండేవోళ్ళు నా సైకిలు బెల్లు వింటే పెరటి గోడ దూకుతారు."

అతను బిల్ కలెక్టరు పెంచలయ్య. ఈ వీధి, పక్క రెండు వీధులు అతనివి. నేను ఊరుకోలేదు. మలయాలో ఇట్లా ఉండదని మొదలుపెట్టాను. అక్కడ ఆరు నెలలకొకసారి కాగితం పోస్టులో వస్తుందనీ, మీద ఇంటాయన పేరు, ఇంటి నెంబరు టైపు కొట్టి ఉంటాయనీ, కాగితం వస్తే బాకీ ఉన్నట్టు, రాకపోతే లేనట్టు అనీ చెప్పాను. నాకు మూడేళ్ళలో ఒక్క కాగితం రాలేదు. రాని కాగితానికి నేనెట్లా కడతాను?

"వచ్చింది సామీ," అన్నాడు పెంచలయ్య నెమ్మదిగా. "మూడుసార్లు. నేనే అంటించినా."

"యాడ?"

"నీ తలుపు మీద."

"నేను మలయాలో ఉంటే నా తలుపు మీద అంటిస్తే ఏం లాభం?"

"తలుపు ఈడుంది గదా సామీ. పన్ను మనిషికి కాదు, ఇంటికి. ఇల్లు యాడికీ పోదు, మా ధైర్యం అదే."

ముప్పై ఏళ్ళు నేను ఇతరుల గుమ్మాల్లో నిలబడి మీటర్లు చదివాను. బిల్లు కట్టనివాళ్ళ ఇళ్ళకు నీళ్ళు ఆపిన చేతులివి. కాగితం అందలేదని వాళ్ళు మొత్తుకుంటే, 'అది నా పని కాదు' అని చైనావాళ్ళ భాషలోనూ మలాయి భాషలోనూ చెప్పినవాణ్ణి. ఆ మాటే ఇప్పుడు నా మాతృభాషలో నా గుమ్మంలో వినాల్సివచ్చింది.

"అదంతా సరే," అన్నాను. "ఆ యశోదమ్మకేం పని? ఆమె ఎందుకు కట్టింది? ఇల్లు కాజేసేదానికి గదా? పేరు మార్చొద్దని అర్జీ పెట్టింది ఆమేగదా?"

పెంచలయ్య సైకిలుకు స్టాండు వేశాడు. నా మొహం చూశాడు. అప్పటిదాకా అతని కళ్ళలో ఉన్న తమాషా పోయింది.

"ఆమె అని ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవరైనా చెప్పల్లనా? ఆ మాత్రం తెలీదా?"

"తెలీదు," అన్నాడు. "ఆ అర్జీ నా కళ్ళతో చూసినా. కింద సంతకం జయరామ్‌ది. మునిరామయ్య కొడుకు. రేణిగుంటలో లారీ ఆఫీసులో ఉండాడు. యశోదమ్మక్కకు ఆ సంగతి కూడా తెలుసో తెలీదో. నువ్వు ఆమెను ఏమన్నా అన్నావా ఏంది?"

నేను సైకిలు చక్రం వైపు చూశాను.

"అన్నావు," అన్నాడు పెంచలయ్య. "మొహం చెప్తాండాది. రా, ఒకటి చూపిస్తా."

పక్కసందులోంచి వెనక్కి తీసుకుపోయాడు. యశోదమ్మ గది దగ్గర ఆగాడు. గుమ్మానికి తలుపు లేదు. రెండు గోనెసంచులు విప్పి కలిపి కుట్టిన తెర వేలాడుతోంది. అది నేను వచ్చిన మొదటి రోజే చూశాను. చూసి, 'తలుపు కూడా అమ్ముకుని తినేసింది చూడు' అని దేవకమ్మతో అన్నాను. దేవకమ్మ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ వీధిలో ఆమెకు అదొక విద్య.

"పోయిన ఏడు మార్చి నెల," అన్నాడు పెంచలయ్య. "మార్చి వస్తే మాకు కాళ్ళు నిలవవు సామీ. బాకీ లిస్టు పెట్టుకుని ఇంటింటికీ పోతాం. మూడు నోటీసులయినాక కూడా కట్టకపోతే జప్తే. జప్తు అంటే నీకు తెలుసో లేదో, ఈ పక్క మేం చేసేది ఒకటే. వడ్రంగిని తోడు తీసుకుపోయి వీధి తలుపులు ఊడబెరుకుతాం. తలుపు లేని ఇంట్లో ఎవరుంటారు? మర్యాదగల వాళ్ళు సాయంత్రానికి పరిగెత్తుకొచ్చి కట్టేస్తారు. నీ ఇంటికీ అట్లే వచ్చినాం. వడ్రంగి బందులు విప్పేదానికి ఉలి కూడా పెట్టినాడు."

నా వీధి తలుపులు గుర్తొచ్చాయి. నల్లమద్ది చెక్క. మునిరామయ్య నాయన కాలంలో కార్వేటినగరం ఆచారులు చేసినవి. రిజిస్ట్రేషనుకు వచ్చినప్పుడు వాటి మీద చెయ్యి వేశాకే, ఉత్తరాల మీద సాగిన ఈ బేరం తప్పు కాదనిపించింది. మా నాయన ఏడేళ్ళవాణ్ణయిన నన్ను భుజాన వేసుకుని ఓడెక్కడానికి బయల్దేరింది ఆ కార్వేటినగరం పక్కనుంచే.

"ఈమె వచ్చి గడపలో నిలబడింది," పెంచలయ్య చెబుతూనే ఉన్నాడు. "ఏడవలా, తిట్టలా. 'అబ్బా, ఈ తలుపులు సముద్రం అవతల ఉండే మనిషివి. ఆయన ఇంకా ఒక్కపూట కూడా ఈ ఇంట్లో నిద్రపోలేదు. వచ్చేటప్పటికి వాకిలి బోడిగా ఉంటే ఆయనకెట్లా ఉంటాది? ఈ ఇంటికి ఇంకో జత తలుపులుండాయి, అవి తీసుకోండి' అనింది. అవి ఏవనుకుంటాండావు? ఈ గదివి. 'మరి నువ్వక్కా?' అంటే, 'నా గదిలో ఎత్తుకుపోయేదానికి ఏముందప్పా, నన్ను తప్ప' అనింది. వడ్రంగి నవ్వినాడు. నాకు నవ్వు రాలా."

"తీసుకుపోయినారా?"

"ఆర్డరు సామీ. ఉత్త చేతులతో పోతే నా ఉద్యోగం పోతాది. అవి వేలం వేస్తే బాకీలో కొంత తీరింది. మిగిలింది ఈమె తెచ్చి కట్టింది. అప్పట్నుంచి ఆరు నెలలకొకసారి నేను రావడం, ఈమె కట్టడం."

గోనెతెర కదిలింది. యశోదమ్మ బయటికి వచ్చింది. అరవై దాటిన మనిషి, సన్నగా, నల్లగా. చేతివేళ్ళు చింతపండు పులుసుకు పగిలి ఎర్రగా ఉన్నాయి. ఆమె వెనక, గదిలో ఒక రేకుపెట్టె, దాని మీద మడిచిన చాప, సంగటి గిన్నె. సర్దేసింది. మాటంటే మాటే. శుక్రవారమన్నాను, శుక్రవారం సర్దేసింది.

"ఏం పెంచలయ్యా, పొద్దున్నే పురాణం చెప్తాండావు?" అంది. "ఈసారికి ఈ సామి ఉండాడు గదా, ఆయన్నడుగు. నేను పోతాండా." తర్వాత నావైపు తిరిగి, చీరకొంగు ముడి విప్పి మడతలు పెట్టిన కాగితాల కట్ట చేతిలో పెట్టింది. "ఇవి నీవి సామీ. కరెంటువి కూడా ఉండాయి. లెక్క చూసుకోనక్కర్లా. నేను చూడలా, నువ్వూ చూడొద్దు."

"కరెంటా?"

"లైనుమన్ కత్తెర పట్టుకొని వచ్చినాడు. ఒకసారి కోసేస్తే మళ్ళీ తెచ్చుకునేదానికి నువ్వు యాడ తిరుగుతావు? ఊరు తెలీని మనిషివి. మీటరు తిరిగినా తిరక్కపోయినా నెలకింత కట్టల్లంట. అది కట్టుకుంటా వచ్చినా."

నేను అక్కడ నిలబడలేకపోయాను. అరుగు మీదికి వచ్చి, గోడకున్న మీటరు మూత తుడిచి చదివాను. పనివాడి బుద్ధి పోదు. ఇల్లు కొన్ననాడే మీటరులో ఎంత ఉందో దస్తావేజు అట్ట వెనక పెన్సిలుతో రాసుకున్నాను. లోపలికి పోయి అది తీసి చూశాను. నేను వచ్చిన ఈ నెలరోజుల్లో కాల్చింది తీసేస్తే, మూడేళ్ళలో ఆ ముల్లు దాదాపు కదల్లేదు. మనిషి మాట నేనెప్పుడూ నమ్మలేదు, మీటరును నమ్మాను. ఇప్పుడు మీటరే నన్ను చెంప మీద కొట్టింది.

మళ్ళీ వెనక్కి పోయి అడిగాను. "మీ గదిలో బల్బుంది గదమ్మా. ఎందుకు వేసుకోలేదు?"

"తిరిగేది నీ మీటరు గదా సామీ," అంది, అదేం ప్రశ్న అన్నట్టు. "నాకు కిరసనాయిలు బుడ్డి చాలు. చింతపండుకు కళ్ళు అక్కర్లా, వేళ్ళు చాలు."

"ఎందుకు చేసినారమ్మా ఇదంతా? నేను మీకేమవుతానని?"

ఈ మాట నేను కొంచెం గట్టిగానే అడిగాను. ఊరికే మేలు చేసేవాళ్ళంటే నాకు భయం. అలాంటివాళ్ళు చివర్లో ఏదో ఒకటి అడుగుతారని ముప్పై ఏళ్ళు చూశాను.

యశోదమ్మ చాప తీసి కింద పరిచి కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు. తనది కాని గదిలో కూర్చోమనడం మర్యాద కాదనుకుందేమో.

"మా తమ్ముడు ఇల్లు అమ్మేటప్పుడు నన్ను పాకాల పంపించేస్తానన్నాడు. ఆడ మా చిన్నాయన కొడుకుండాడు. ఆ ఇంట్లో నేను ఇదివరకు ఒక నెల ఉండొచ్చినా. కుక్కకు పెట్టినట్టు పెడతారు. వద్దురా అంటే వినలా. అప్పుడు నీ జాబు వచ్చింది. చదివి వినిపించినాడు. 'వెనక గదిలో ఉండే ఆమెను కదిలించొద్దు. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీండి. ఇంట్లో మనిషి మసలల్ల.' అట్లని రాసినావు. సొంత తమ్ముడు పొమ్మంటే, మొహం తెలీని మనిషి ఉండమన్నాడు. ఆ ముక్క నాకు కంఠోపాఠం సామీ. నువ్వు మరిచిపోయినావేమో."

నేను మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే బాగుండేది.

ఆ ముక్క ఎందుకు రాశానో నాకు తెలుసు. మా ఆఫీసులో మునస్వామి అని ఒకడు పాకాలలో ఇల్లు కొని, తాళం వేసి వచ్చాడు. నాలుగేళ్ళ తర్వాత పోతే తాళం లేదు. ఇంట్లో ఒక కుటుంబం, నాలుగు మేకలు. ఆ మేకల్ని బయటికి తోలేదానికి వాడికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. ఆ కథ విని, జీతం లేని కాపలా దొరికిందని నేను ఆ ముక్క రాశాను. అందులో దయ అణా అంత కూడా లేదు.

చెప్పకుండా ఉండొచ్చు. ఆమె అనుకుంటున్నట్టే అనుకోనివ్వొచ్చు. కానీ ఆ పగిలిన వేళ్ళు చూస్తూ ఆ మంచిపేరు మోయలేకపోయాను.

"అమ్మా," అన్నాను. "నేను మిమ్మల్ని తలుచుకుని అట్లా రాయలేదు. మీరెవరో, ఎట్లుంటారో నాకు తెలీదు. ఖాళీ ఇంట్లో ఎవరన్నా దూరుకుంటారని భయపడి రాసినా. కాపలాకి. అంతే."

పెంచలయ్య దగ్గాడు. యశోదమ్మ నన్ను చూసింది. తర్వాత నవ్వింది. పళ్ళు రెండు లేవు.

"ఎందుకు రాస్తేనేం నాయనా. నాకు దొరికింది గది గదా."

నేను ఈ మధ్య దాకా ఇలా అనుకునేవాణ్ణి. ముప్పై ఏళ్ళు చాకిరీ చేసినా అక్కడ 'నువ్వు ఇండియావాడివి' అని, ఆ దేశపు పౌరులు కానివాళ్ళకిచ్చే ఎర్రకార్డు చేతిలో పెట్టారు. ఇక్కడికి వస్తే కాఫీ హోటలువాడు కూడా 'మలయా సామి' అంటాడు. నాకు ఊరు లేదు, నాకోసం ఎదురుచూసిన గుమ్మం లేదు. అలా అనుకుని అందరినీ తిట్టుకుంటూ తిరిగాను. నేను సముద్రం అవతల కూర్చుని తిట్టుకుంటున్న రోజుల్లోనే, ఇక్కడ ఒకామె నా గుమ్మం బోసిపోకుండా తన గుమ్మాన్ని ఇచ్చుకుంది. రెండు వానాకాలాలు గోనెతెర వెనక పడుకుంది. నేను ఆమెకు ఇచ్చిన బహుమానం, శుక్రవారం దాకా గడువు.

దణ్ణం పెడదామని చేతులు ఎత్తబోయాను. ఆమె తల తిప్పేసుకుంది. "గమ్మునుండు నాయనా, పెంచలయ్య చూస్తే ఊరంతా టముకు వేస్తాడు."

"నేనేం చూళ్ళేదు," అన్నాడు పెంచలయ్య. వెంటనే గొంతు తగ్గించాడు. "సామీ, ఇంత మంచి జరిగింది గదా, ఇందులోనే ఒక చిక్కుంది. చెప్పకపోతే నాకు పాపం. ఈమె కట్టిన రసీదులన్నీ మునిరామయ్య పేరు మీద ఉండాయి. మేం పుస్తకంలో ఉన్న పేరే రాస్తాం, ఎవరు తెచ్చి ఇచ్చినారో రాయం. కరెంటూ అంతే, కుళాయీ అంతే. జయరామ్ అర్జీలో అదే రాసినాడు. 'అమ్మకం కాగితం మీద మాత్రమే జరిగింది. కొన్నాయన మూడేళ్ళలో ఒక్కరోజు కూడా ఈ ఇంట్లో లేడు. మా మేనత్త ఉండాది, పన్ను మా నాయన పేరు మీద మేమే కడతాండాం' అని."

యశోదమ్మ మొహంలో నవ్వు పోయింది. "జయరాముడా? అర్జీనా?"

ఆమెకు నిజంగానే తెలియదు. నేను ఆమె చేతిలోంచి తీసుకున్న కాగితాలు చూశాను. నా మేలు కోసం దాచినవే, ఒక్కో రసీదూ నాకు ఎదురుసాక్ష్యం. సోమవారం విచారణలో నా పక్షాన మాట్లాడగలిగేది ఈ లోకంలో ఒక్క మనిషే. ఆ మనిషి రేకుపెట్టె సర్దుకుని కూర్చుని ఉంది.

"నువ్వు చెప్పొచ్చు గదప్పా," అన్నాను పెంచలయ్యతో.

"నన్ను లాగొద్దు సామీ. నేను ఆఫీసు మనిషిని. నా నోటికి విలువ లేదు, నా పుస్తకానికే విలువ."

వీధిలో రిక్షా గంట మోగింది. ముప్పై ఏళ్ళ మనిషి ఒకడు సందులోంచి వచ్చాడు. తెల్ల చొక్కా, జేబులో లారీ ఆఫీసు బిల్లుబుక్కు. మొహం చూస్తే చాలు, మునిరామయ్యే కొంచెం పడుచువాడై వచ్చినట్టుంది.

"అత్తా, సర్దుకున్నావా?" అన్నాడు. "దేవకమ్మ కబురు పంపింది, ఈయన నిన్ను పొమ్మన్నాడని. రా, మనింటికి పోదాం." నా వైపు తిరిగాడు. "ఏం మలయా సామీ? అరవై ఏళ్ళ ముసలామెను వీధిలోకి పొమ్మంటే మీ దేశంలో దొరతనం అంటారా?"

 అన్న మాట నిజం.

"జయరాముడూ," అంది యశోదమ్మ. "ఈ ఇంటి మీద అర్జీ పెట్టినావా?"

అతను ఒక్క క్షణం తడబడ్డాడు. "పెట్టినా. దాచేదేముంది? నాయన నన్నొక మాట అడిగినాడా అమ్మేటప్పుడు? మా అమ్మ పోయింది ఈ ఇంట్లోనే గదత్తా. ఆ నడవలో పడుకోబెట్టినారు, నాకు గుర్తుండాది. ఆమె పోయినాక నన్ను సంకనేసుకుని నువ్వు తిరిగింది ఈ సందులోనే. ఎవరికో రాసిచ్చేస్తే నేను చూస్తా ఊరుకోల్లనా?" అతని గొంతు నాటకం కాదు. నేను వినాలని అనుకోకపోయినా వినిపించింది. "సోమవారం నువ్వొచ్చి ఒక్కమాట చెప్తే చాలు. ఈ ఇంట్లో ఉండింది నేను, పన్ను కట్టింది నేను అని. అది అబద్ధం కూడా కాదు గదా."

అబద్ధం కాదు. అందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

యశోదమ్మ నెమ్మదిగా లేచింది. చాప చుట్టింది. పెంచిన కొడుకులాంటి మేనల్లుణ్ణి చూసింది, నన్ను చూసింది.

"ఏం నాయనా," అని నన్నే అడిగింది. "శుక్రవారం పొమ్మన్నావు. ఇప్పుడేమంటావు? పోమంటావా, ఉండమంటావా?"

ఉండమని చెప్పడానికి నాలుక మీదికి వచ్చింది. అక్కడే ఆగింది. ఉండమంటే, సోమవారం నాకోసం మాట్లాడమని అడిగినట్టే. గది ఇచ్చి సాక్ష్యం కొన్నట్టే. పోయిన వారం పొమ్మన్నవాడు ఇప్పుడు ఉండమంటున్నాడంటే ఎందుకో ఆ రిక్షావాడికి కూడా అర్థమవుతుంది. పొమ్మంటే, ముప్పై ఏళ్ళ కష్టం ఆమె వెంట ఆ రిక్షాలో ఎక్కి పోతుంది. వరదమ్మకు ఏమని రాస్తాను?

జయరామ్ నవ్వుతున్నాడు. నేనేం చెబుతానో తనకు ముందే తెలుసనుకున్నాడు.

"ఉండండమ్మా," అన్నాను. "ఈ గది మీది. ఇల్లు నాకు వచ్చినా రాకపోయినా, నేనుండేదాకా మీది. సోమవారం మాత్రం మీరు ఆఫీసుకు రావద్దు. మీరు పెంచిన పిల్లోడి మీద మీ చేత మాట చెప్పించి నేను ఈ ఇంట్లో నిద్రపోలేను."

పెంచలయ్య పుస్తకం టప్పున మూశాడు. జయరామ్ నవ్వు సగంలో ఆగింది.  నేను అన్నమాట నాకే వినిపించి, అంత పని చేశానా అనుకున్నాను.

యశోదమ్మ రేకుపెట్టె మీద చాప పెట్టి, చీరకొంగు బిగించుకుంది.

"రారా జయరాముడూ, నీ పిల్లల్ని చూసి చాన్నాళ్ళయింది. రెండ్రోజులు ఉండొస్తా. పెట్టె ఎత్తు."

"అట్లరా అత్తా!" జయరామ్ పెట్టె భుజాన వేసుకున్నాడు. "నువ్వు ఆఫీసు మెట్లెక్కి అగచాట్లు పడొద్దు. నేనే కాగితం రాయించుకొస్తా. వేలిముద్ర వేస్తే చాలు."

ఆమె రిక్షా దాకా నడిచింది. నేను వెనకే పోయాను, పెంచలయ్య నా వెనక. ఎదురింటి కిటికీలో దేవకమ్మ తల కనిపించి మాయమైంది. యశోదమ్మ రిక్షా ఎక్కి కూర్చుని, నన్నూ జయరామ్‌నూ వదిలి, బిల్ కలెక్టరును పిలిచింది.

"పెంచలయ్యా, సోమవారం ఎన్ని గంటలకప్పా?"

"పదిన్నరకక్కా."

"ఆపీసరు నాబోటిదాన్ని మాట్లాడనిస్తాడా?"

"పేరు పిలిస్తే మాట్లాడొచ్చు. ఎందుకక్కా?"

జయరామ్ ఆమె పక్కన ఎక్కబోతూ ఒక కాలు పైన, ఒక కాలు కింద ఆగిపోయాడు. "వేలిముద్ర చాలన్నా గదత్తా."

"వేలిముద్ర దేనికిరా," అంది యశోదమ్మ. "నోరుంది గదా. ఇద్దరూ రాండి. ఇద్దరి ముందరే చెప్తా."